బాపు బిగించిన బోల్టు

పొద్దుగాల చాయ్ తాగుతుంటే మా తమ్ముడు సంపత్ నాకు ఫోన్ల ఒక చప్పుడు పంపిండు. ఫొటో లేదు, ముచ్చట లేదు, ఉత్త చప్పుడు. కొద్దిసేపు టికటిక, మధ్యల ఎవరో దగ్గుడు, ఆఖరుకు "అక్కా, విన్నవా?" అని వాని గొంతు. బెల్లంపల్లిల మా ఇంటి పక్కన రేకుల కింద టార్పాలిన్ కప్పుకొని ఏండ్లకేండ్లు పడి ఉన్న బాపు అంబాసిడర్ ఇంజనును వాడు మొత్తం విప్పిచ్చి, బోరింగ్ చేపిచ్చి, కొత్త పిస్టన్లు వేపిచ్చి మళ్ళ నిలబెట్టిండు. ఆ బండి పిల్లులు ఈనేటందుకు తప్ప దేనికీ పనికిరాదని నేను చాలాసార్లు చెప్పిన. వాడు వినలే. నా మాట వినకపోవుడు మా ఇంట్ల మగవాళ్ళకు అలవాటు. విన్నది ఒక్క బాపే. ఆయనకు రెండు చెవులూ వినబడకపోయేది.

సంపత్ బాధ ఏందంటే, ఇంజను కొత్తగ కూర్చినంక ఈ చప్పుడు మొదలైంది. కొండగట్టు పోయి బండికి పూజ చేపిచ్చుకొని వద్దామనుకున్నడు గని, ఈ టికటికతోని గుట్ట ఎక్కుతదో మధ్యల ఆగుతదో తెలుస్తలేదు. నాకంటే ముందు ఆ చప్పుడును పాత కార్లోళ్ళ వాట్సాప్ గ్రూపుల పెట్టిండట. ఆ గ్రూపుల అందరూ మగవాళ్ళే, అందరూ తెలిసినోళ్ళే. ఒకాయన టాపెట్లు అన్నడు, ఒకాయన టైమింగ్ చైన్ అన్నడు, ఇంకొకాయన ఏమీ అనకుండ తన కారు పక్కన నిలబడి దిగిన ఫొటో పెట్టిండు. వాడు ఇగ ఎటూ తోచక నన్ను రమ్మన్నడు. నేను కరీంనగర్ల డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ చెప్త. కార్లు బాగుచేసుడు నాకు రాదు. అయినా వాడు నన్నెందుకు పిలిచిండో నాకు తెలుసు, వానికి తెలుసు. మంచిర్యాల మీదికెళ్ళి బస్సుల పోయి దిగిన.

పోయేసరికి బానెట్ లేపి పెట్టుకొని ఒక మెకానిక్ నిలబడ్డడు. ఆయన చేతుల రోగం చెప్పే మిషన్ ఒకటి ఉన్నది. కొత్త కార్లకు దాని వైరు తగిలిస్తే రోగం పేరు అదే రాసి చూపెడ్తదట. మా బండికి ఆ వైరు తగిలిచ్చే సందు లేదు. ఆయన చాలాసేపు సందు వెతికి, ఈ బండి చేసినోళ్ళు ఏమీ ఆలోచించలేదని తేల్చిండు. నేను లోపలికి పోయి మా మరదల్ని పప్పుగుత్తి అడిగిన. "ఎందుకు వదినా, పప్పు కుక్కర్ల ఉడికింది, మిక్సీల ఒక్క తిప్పు తిప్పుత" అన్నది. ఆ ఇంట్ల ఇప్పుడు పప్పుగుత్తి లేదు. సరే అని పొడుగు స్క్రూడ్రైవర్ ఒకటి తీసుకొని, దాని పిడి చెవికి ఆనిచ్చుకొని, మొన ఇంజను మీద పెట్టిన. కిరసనాయిలు వాసన, కాగిన ఆయిల్ వాసన, దాని కింద ఏదో మాడుతున్న రబ్బరు వాసన. ఇన్నేండ్ల తర్వాత ఒక ఇంజను నా చెవుల మాట్లాడింది. నేను ముందుకు పోయేముందు కొంచెం ఎనుకకు పోవాలె.

బాపు గనిల ఉన్నప్పుడు బొగ్గు పేల్చేటోళ్ళ జట్టుల పనిచేసిండు. బొగ్గుకు బెజ్జాలు కొట్టి, మందు కూరి, దూరం జరిగి చెవులు మూసుకునుడు ఆ పని పద్ధతి. దూరం జరిగేటందుకు ఎప్పుడూ జాగ ఉండకపోయేది, మూసుకునేటందుకు చేతులు ఖాళీ ఉండకపోయేది. ముందు ఎడమ చెవి పోయింది, దాని ఎంబడి కుడి చెవి పోయింది. డాక్టరుకు చెప్తే కాగితం మీద ఎక్కుతది, కాగితం మీద ఎక్కితే అప్పటికే తీసి పెట్టుకున్న డ్రైవింగ్ లైసెన్సు పనికిరాకుండ పోతది. అందుకని ఆయన కడుపునొప్పి అని చెప్పి గని పని ఇడిసిపెట్టిండు. కడుపునొప్పికి ఎవరూ సాక్ష్యం అడగరు. ఆఫీసర్లు వాడి వాడి వేలం వేసిన అంబాసిడర్ ఒకటి కొనుక్కొని, స్టేషన్ ముందట అడ్డ మీద టాక్సీ పెట్టిండు. ఆయనకు వినబడదని అవ్వకు తెలుసు, నాకు తెలుసు. సంపత్ అప్పటికి నడక నేర్చుకుంటుండె, వానికి ఏం తెలిసినా తెలవకున్నా ఒకటే.

వినబడని మనిషి జనాన్ని ఎక్కిచ్చుకొని బండి నడుపుడు తప్పు కాదా అని మీరు అడుగుతరు. తప్పే. నేను పాఠం చెప్పే పిల్లలకైతే తప్పే అని చెప్త. గని బాపు కండ్లు రోడ్డును వదలకపోయేది. మూడద్దాల బండి అని పేరు పెట్టుకున్నం మేము, లోపల ఒకటి, బయట అటొకటి ఇటొకటి, ఆ రోజుల్ల బయట రెండు అద్దాలున్న టాక్సీ అడ్డ మీద అదొక్కటే. ఎదురుగ నిలబడి మాట్లాడితే మూతి చూసి అందుకునేటోడు. పక్కకు తిరిగి మాట్లాడితే సున్నా. ఎనుక సీట్ల నుంచి ఎవరన్నా ఏమన్నా అంటే "అవ్ అవ్" అని తల ఊపేటోడు. బాపు అంత మంచిగ వినే మనిషి లేడని మా అడ్డ మీద పేరుండె. సెలవు దినాల్ల నన్ను ముందు సీట్ల కూసోబెట్టుకునేటోడు. నా చెయ్యి సీటు మీదికెళ్ళి ఆయన భుజం మీద ఉండాలె. ఎనుక నుంచి హారన్ వస్తే ఒత్తాలె, లోపలోళ్ళు ఏమన్నా అడిగితే గీరాలె. బిడ్డంటే రాజలింగుకు ప్రాణం, ఎటు పోయినా ఎంబడి తీసుకపోతడు అని జనం అనుకునేది. ప్రాణమే, నేను కాదంటలేను.

ఇంట్ల ముచ్చట వేరే. బాపుకు అందాల్నంటే మూతి పెద్దగ తెరిచి, ఒక్కొక్క మాట ఇడమరిచి అనాలె. అట్ల అనేటప్పుడు గొంతు దానంతట అదే లేస్తది. అన్నం తిన్నవా అని అడిగినా, ఉప్పు ఎక్కువైందా అని అడిగినా మా ఇంట్ల నుంచి కొట్లాట లెక్క వినబడేది. పక్కింటోళ్ళు మొదట్ల తలుపు కొట్టి సముదాయించేటందుకు వచ్చేది, తర్వాత తర్వాత ఇగ ఈళ్ళ బతుకు ఇంతే అని ఇడిసిపెట్టిన్రు. పొద్దుమూకితే కాలనీ మొత్తం బొగ్గు కుంపట్లు అంటుకునేది, ఆ పొగల అవ్వ జొన్నరొట్టెలు కొట్టుకుంట బాపును పిలువాల్నంటే నేలను కాలుతోని గుద్దేది. గచ్చు అదిరితే ఆయన తిరిగి చూసేటోడు. కిరసనాయిలు, బూడిద కలిపి తోమినా బాపు చేతులకు అంటిన గ్రీజు పూర్తిగ పోకపోయేది, ఆ చేతులతోనే రొట్టె తుంచి నాకు పెట్టేటోడు. ఇప్పుడు నా గొంతు గురించి స్టాఫ్‌రూంల అనేటోళ్ళున్నరు. సరోజ మేడం క్లాసు చెప్తుంటే పక్క రెండు క్లాసులు గూడ ఎకనామిక్స్ పాసైతయని ప్రిన్సిపాల్ అన్నడు. మెచ్చుకున్నడో తిట్టిండో నేను అడగలే.

ఇగ ఇంజను సంగతి. బండి నడిపేటోనికి చెవే సగం పని. ఏ చప్పుడు ఎందుకొస్తుందో పట్టుకోకపోతే చిన్న రోగం పెద్దదై బండి రోడ్డు మీద నిలబడ్తది. బాపు అరచెయ్యి ఇంజను మీద పెట్టి అదురు చూసేటోడు, గని అదురు అన్నీ చెప్పది. అందుకని ఆదివారం పొద్దున అవ్వ పప్పుగుత్తి నాకు ఇచ్చి, దాని గుండ్రటి తల చెవికి పెట్టుకోమని, కాడ చివర ఇంజను మీద జాగ జాగల ఆనిచ్చేటోడు. ఆ కట్టె గుండ ఇంజను లోపలి సంగతులన్నీ చెవులకు వచ్చి పడేది. అవ్వ ఆ గుత్తితోనే మళ్ళ పప్పు మెదిపేది. మా పప్పుల ఎప్పుడూ కొంచెం మొబిలాయిల్ వాసన ఉండె, చుట్టాలకు తప్ప మాకు తెలవకపోయేది. బాపు పెట్టిన షరతు ఒక్కటే. "రోగం పేరు నువ్వు పెట్టొద్దు బిడ్డా. చప్పుడు ఎట్లున్నదో ఉన్నది ఉన్నట్టు చెప్పు." నేను నాకు తెలిసిన చప్పుళ్ళతోని చెప్పేదాన్ని. సిరిసిల్లల మా పెద్దమ్మ ఇంట్ల బట్ట నేసే సాంచెల మీద నాడె అటూ ఇటూ కొట్టుకుంటది చూడు, అట్ల అనో, చాటల బియ్యం చెరిగినట్టు అనో. ఆయన నా మూతి చూసుకుంట, మధ్యల అడ్డమడుగుకుంట వినేటోడు. సల్లగ ఉన్నప్పుడు వస్తుందా, కాగినంకనా? ఎక్స్‌లేటర్ తొక్కితే పెరుగుతదా, పోతదా? అన్నీ అయినంక కండ్లు మూసుకొని కొద్దిసేపు ఉండి, ఫలానా దగ్గర ఫలానాది వదులైంది అనేటోడు. ఎక్కువసార్లు అదే అయ్యేది.

మా బండి డాక్టరు గఫూర్ ఉస్తాద్. అడ్డ ఎనుక వేపచెట్టు కింద ఆయన షెడ్డు. చెయ్యి ఎంత పెద్దదో నోరు అంత పెద్దది. తను కూర్చిన ఇంజను ఢిల్లీ దాక పోయి వస్తదని చెప్పుకునేటోడు, ఎవరి బండీ ఢిల్లీ పోలే కాబట్టి ఎవరూ కాదనలే. ఆయనకు ఒక రివాజుండె. ఏ ఇంజను మొత్తం విప్పి కూర్చినా, లోపల ఒక్క బోల్టు బండి ఓనరు చేతితోని బిగిపిచ్చేటోడు. రేపు బండి మీద నీ తిండి నడుస్తది, దాని లోపల నీ చెయ్యి గూడ పడాలె అనేటోడు. ఓనరు దేవున్ని తలుసుకునేటోడు, ఉస్తాద్ బిస్మిల్లా అనేటోడు, ఎనుక నిలబడి "ఇంక, ఇంక, జర ఇంక, బస్" అని చెప్పేటోడు. ఓనరు బిగిచ్చిన బోల్టు మీద మళ్ళ ఎవరూ పానా పెట్టొద్దు. పెడితే ఓనరు చేతిని శంకించినట్టు. ఆ షెడ్డుల అది ఎంత గట్టి మాటంటే, ఉస్తాద్ తను బిగిచ్చిన బోల్టులను రెండుసార్లు చూసుకునేటోడు గని ఓనరు బోల్టు దిక్కు చూడకపోయేటోడు.

నేను హైస్కూల్ల ఉన్నప్పుడు మా ఇంజను పొగ తాగుడు మొదలుపెట్టింది. ఇగ లాభం లేదని ఉస్తాద్ మొత్తం విప్పిండు. బడి ఉన్న రోజు పిస్టన్లను బెంచి మీద కూర్చిన్రు, కాబట్టి నేను అక్కడ లేను. లేకపోవుడే మొత్తం కథ. మూడో పిస్టన్ లోపలి పిన్నును పట్టి ఉంచే బోల్టు బాపుకు ఇచ్చిన్రు. బాపు కొండగట్టు అంజన్నను తలుసుకొని, బెంచి మీదికి ఒంగి బిగిచ్చిండు. బిగిచ్చి లేచి నవ్విండు. ఇంటికొచ్చి అవ్వకు ఎంత సంబురంగ చెప్పిండంటే, బోల్టు బిగిచ్చుడు కాదు బిడ్డ పెండ్లి చేసినట్టు.

ఇంజను చాలువైంది. పొగ లేదు, బలం వచ్చింది. ఆదివారం నేను పప్పుగుత్తి పెట్టిన. సల్లగ ఉన్నంతసేపు ఏమీ లేదు. కాగినంక, ఇంజను మెల్లగ తిరుగుతుంటే, ఒక చప్పుడు మొదలైంది. మా అవ్వ వక్క కొరికినట్టు, జంటలు జంటలుగ, ఒకటి గట్టిగ, ఎంబడే ఒకటి మెత్తగ. దాని కింద గోరుతోని గోడ గీరినట్టు ఇంకొకటి. బాపుకు అట్లనే చెప్పిన. ఆయన ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటి తీసి పెట్టుకుంట నా మొఖం చూసిండు. మూడోదాని వైరు తీసినప్పుడు చప్పుడు మారింది. మారిందని చెప్పిన. బాపు బండి బంద్ చేసి మడ్‌గార్డు మీద కూసున్నడు. మూడోది అంటే ఏందో ఆయనకు అర్థమైంది, నాకు కాలే.

అవ్వకు చెప్పేటప్పుడు విన్న. ఆ బోల్టు వదులుంటే పిన్ను జరిగి, కొత్తగ బోరింగ్ చేసిన సిలిండర్ గోడను గీరుకుంట పోతది. అట్లనే నడిపితే ఇంజను మళ్ళ ఎందుకూ పనికిరాది. విప్పిస్తే, ఆ బోల్టు ఎందుకు వదులున్నదని అడుగుతరు. అవ్వ రొట్టె పెనం మీద అట్లనే ఇడిసిపెట్టి ఆయన ముందుకొచ్చి నిలబడ్డది. ఉస్తాద్ దగ్గర వద్దు, మంచిర్యాలకు తీసుకపోయి ఎవరూ తెలవనోళ్ళతోని విప్పియ్యి అన్నది. ఎవరూ ఏమీ అడగరు అన్నది. నీ చెవుల సంగతి బయటపడ్డంక ఈ బండి ఎవరు ఎక్కుతరు, మనం ఏం తినాలె అన్నది. ఇదంతా గట్టిగ అన్నది, అనక తప్పది, గని ఆ రోజు ముందు తలుపు మూసి అన్నది. బాపు, "ఇంకొకలు విప్పితే గఫూర్ చేసిన పని ఇది అని నలుగురికి చూపిస్తరు. ఆయన పేరు పోతది" అన్నడు. రొట్టె మాడింది. ఎవరం తినలే.

మళ్ళ సెలవు రోజు నన్ను ఎంబడేసుకొని షెడ్డుకు పోయిండు. అడ్డ మీది డ్రైవర్లు నలుగురైదుగురు అక్కడ చాయ్ తాగుతున్నరు. అండ్ల మల్లేశం అని ఒకడు, వాని నోటికి నా నోరు అప్పటికి సరిపోకపోయేది. మూడో పిస్టన్ల ఏదో ఉన్నదని బాపు అనంగనే ఉస్తాద్‌కు కోపమొచ్చింది. ఇంజను చాలు చేసి, స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకొని విని, ఏమీ లేదన్నడు. కొత్త ఇంజనంటే కొత్త కోడలు లెక్క, జర మాట్లాడ్తది అన్నడు. మాట్లాడని పాత కోడళ్ళను గూడ నేను చూడలే గని అప్పుడు ఆ జవాబు తోచలే. మల్లేశం విని, పెట్రోల్ పంపు అన్నడు. బొగ్గు గనిల పంపుల దగ్గర పనిచేసి వచ్చినాయన ఒకరు విని, నీళ్ళ పంపు వాల్వు కొట్టుకున్నట్టున్నది అన్నడు. ఎవరి బతుకు చప్పుడు వాళ్ళకు వినబడ్డది. అప్పుడు ఉస్తాద్ బాపు దిక్కు తిరిగి, "ఎవరెందుకు, నువ్వే చెప్పు రాజలింగు భాయ్. నీ బండి, నీ చెవి. నీకు ఏం వినబడ్తుంది?" అన్నడు.

బాపు నా దిక్కు చూసిండు. ఇంజను కాగింది, జంట చప్పుడు షెడ్డు రేకులకు తగిలేటంత స్పష్టంగ వస్తున్నది నాకు. తల ఊపిన.

"బేటీని చూస్తవేంది, ఇంజను దిక్కు చూడు" అన్నడు ఉస్తాద్.

"ఇప్పుదాం" అన్నడు బాపు.

ఉస్తాద్ మొఖం నల్లబడ్డది గని ఓనరు ఇప్పమంటే ఇప్పాల్నె. పొద్దు వాలేదాక పని. హెడ్డు దిగింది, కింది చాంబరు దిగింది, మూడో పిస్టన్ పైకి వచ్చింది. దాన్ని బెంచి మీద పెట్టి ఉస్తాద్ పానా తగిలిచ్చిండు. బోల్టు ఒక చుట్టు పైన ఉత్తగనే తిరిగింది. పిన్ను ఒక దిక్కు జరిగి ఉన్నది, సిలిండర్ గోడ మీద వెంట్రుక మందాన గీత పడ్డది. నాలుగు దినాలు నడిపితే అది గాడి అయ్యేది. మల్లేశం అన్నడు, ఉస్తాద్ చెయ్యి జారుతుంది, వయసు మీద పడ్డది, ఇగ మన బండ్లు వేరే కాడ చూపిచ్చుకోవాలె అని. గఫూర్ ఉస్తాద్‌కు ఆ బోల్టు ఎవరి బోల్టో తెలుసు. గని ఓనరు చేతిని తప్పు పట్టుడు ఆయన రివాజుల లేదు. పానా కింద పెట్టి, "నా షెడ్డుల అయింది, నా తప్పే" అన్నడు. అంత నోరున్న మనిషి అంత మెల్లగ మాట్లాడుడు నేను మళ్ళ చూడలే. బాపు ఆయన ఎదురుగనే ఉన్నడు కాబట్టి ఆ మాట మూతి మీద చదివిండు.

"ఉస్తాద్ తప్పు కాదు" అన్నడు బాపు. ఆయన గొంతు ఎంత ఎత్తు లేస్తుందో ఆయనకు తెలవది, షెడ్డు మొత్తం నిండింది. "ఆ బోల్టు నేను బిగిచ్చింది. ఇంక బిగియ్యమని ఎనుక నుంచి ఉస్తాద్ చెప్పే ఉంటడు. నాకు ఎనుక నుంచి వినబడది. ముందు నుంచి గూడ వినబడది. మూతులు చూసి నడిపిస్తున్న. గనిల పని ఇడిసిపెట్టింది కడుపునొప్పితోని కాదు. ఈ చప్పుడు పట్టింది నా బిడ్డ."

ఉస్తాద్ బెంచి చుట్టు తిరిగి వచ్చి బాపు ముందట నిలబడ్డడు. తన మూతి బాపుకు కనబడేటట్టు గడ్డం పైకెత్తి, "ముందే చెప్తే ముందుకొచ్చి చెప్పేటోణ్ణి గద" అన్నడు. అంతే. ఆ తర్వాత బాపు ఒంగి ఆ గీత దిక్కు చూసుకుంట ఉండిపోయిండు. ఆయన ఎనుక షెడ్డుల చాలా మాటలు నడిచినయి. అవన్నీ నాకే వినబడ్డయి.

తర్వాత ఏమైందో చెప్త. అవ్వ భయపడ్డదే అయింది. మా బండి అడ్డ మీద వరుసల అట్లనే నిలబడేది, ఎక్కేటోళ్ళు ఎనుక బండి ఎక్కి పోయేది. అవ్వ బీడీల చాట ఒళ్ళ పెట్టుకున్నది. నేను ఇస్కూలు నుంచి వచ్చి ఆకు కత్తిరిచ్చేదాన్ని. లైసెన్సు సంగతి ఏమైందని అడగకండి. అడ్డ మీద ఎవరూ పోయి ఆఫీసుల చెప్పలే. మల్లేశం గూడ చెప్పలే, అది మాత్రం వాని లెక్కల రాసుకోవాలె. అట్ల ఎండకాలం గడిచి వానలు పడ్డంక, పెద్దమనుషుల కుటుంబం ఒకటి మంథని పోవాల్నని వచ్చి ఏరి కోరి మా బండే అడిగిన్రు. కుదిరిన పెండ్లి సంబంధం తప్పిచ్చుకునేటందుకు పోతున్నరు వాళ్ళు. దారి పొడుగూత మొగుడూ పెండ్లాలు కొట్లాడుకున్నరట, వచ్చేటప్పుడు గూడ కొట్లాడుకున్నరట, దిగినంక బాపుకు దండం పెట్టి పోయిన్రు. డ్రైవర్‌కు వినబడదంటే దానికి ఒక గిరాకీ ఉంటదని మాకు అప్పుడు తెలిసింది. ఆస్తులు పంచుకునేటోళ్ళు, వియ్యపురాలిని తిట్టుకునేటోళ్ళు, ఎలక్షన్ల ఎవరిని ముంచాల్నో మాట్లాడుకునేటోళ్ళు, అందరూ రాజలింగు బండే అనుడు మొదలైంది. అట్లాంటోళ్ళు ఉన్నప్పుడు నన్ను ఇంటికాడనే ఇడిసిపెట్టి పొమ్మనేది. నాకు చెవులున్నయి గద. ఆ బండి మీదనే నేను బి.ఏ. చదివిన, ఎం.ఏ. చదివిన. ఉస్తాద్ ఆఖరు దాక ఓనరుతోని బోల్టు బిగిపిచ్చే రివాజు మానలే, గని ఎనుక నిలబడుడు మానిండు. ఎవరి బండైనా సరే, ముందుకొచ్చి మొఖం చూసి "బస్" అనేటోడు.

మొన్నటి సంగతికి వస్త. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకొని నేను విన్నది విన్నట్టు చెప్పిన. పైభాగంల, ముందు రెండు సిలిండర్ల మీద, పలక మీద బలపంతోని చుక్కలు పెట్టినట్టు, ఒక్కటే తీరు, కాగినా సల్లగున్నా మారుతలేదు. మెకానిక్ మర్యాదగనే విని, "అంటే ప్రాబ్లం ఏందంటరు మేడం?" అన్నడు. నన్ను అట్ల నోరు మూపిచ్చినోళ్ళు తక్కువ. నాకు చప్పుడు చెప్పుడు వచ్చు, రోగం చెప్పుడు రాదు. అది బాపు పని. సగం విద్యతోని ఇన్నేండ్లు పూర్తి విద్య ఉన్నట్టు తిరిగిన. మెకానిక్ ఫోన్ల వెతికి, గ్రూపుల అడిగి, పైమూత తీసి టాపెట్ల సందు సరి చేసిండు. చప్పుడు సగం పోయింది. మిగిలిన సగం గూడ పోవాలని ఆయన పట్టు. ఆ సగం ఈ ఇంజనుకు పుట్టినప్పటి నుంచి ఉన్నదే, దాన్ని గూడ పోగొడితే చచ్చిపోయిందనుకుంటమని నేను వాదం పెట్టుకున్న. ఆయన బాగుచేసే కొత్త కార్లు చాలు అయినయో లేదో ముందట మీటర్ల వెలిగే దీపం చూసి తెలుసుకోవాలె. చప్పుడంటే రోగమే అనుకునే కాలం ఇది. ఇండ్లు గూడ అట్లనే ఉన్నయి, ఒక్క గదిల నలుగురుండి నాలుగు ఫోన్లు, ఎవరికీ ఎవరూ గొంతెత్తి చెప్పవలసిన పని లేదు. మా అప్పటి కొట్లాట గొంతులే మంచియని నేను అంటలేను. తలనొప్పి వచ్చేది. గని ఒక మాట చెప్పాల్నంటే ఎదురుగ పోయి మొఖం చూసి చెప్పవలసి వచ్చేది. సంపత్ ఆ సగం చప్పుడుతోనే కొండగట్టు పోయి వచ్చిండు. గుట్ట ఎక్కిందట.

బాపు రోగం ఎట్ల చెప్పేటోడో అన్నదానికి ఆ షెడ్డు రోజు సాయంత్రం ఒకటి మిగిలింది. ఇంజను విప్పి ఉన్నది కాబట్టి మేమిద్దరం నడిచి ఇంటికి వస్తున్నం. కుంపట్ల పొగ రోడ్డు మీదికి దిగింది. పక్క పక్కన నడిస్తే ఆయనకు నా మూతి కనబడది. కొంత దూరం అట్లనే నడిచి, ఆగి, "నేను చెప్పినంక ఎనుక ఏమన్నరు?" అని అడిగిండు. నేను చెప్పనన్న. "ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నడు.

నేను ఆయన ముందుకు పోయి, ఎనుకకు నడుసుకుంట చెప్పుడు మొదలుపెట్టిన. రోడ్డు పొంట ఇండ్లోళ్ళు వినకుండ గొంతు తీసేసి, ఉత్త మూతితోనే చెప్పిన. ఇన్ని దినాలు చెవిటోని ఎనుక కూసోబెట్టి జనాన్ని పంపినమా అని మల్లేశం అన్నడు. ఒకాయన నవ్విండు. పంపుల కాడి నుంచి వచ్చినాయన, పాపం అన్నడు. లైసెన్సు గుంజుకోవాలె అని ఒకరన్నరు. అయితే వీడు ఎప్పుడూ ఎవరికీ అడ్డం మాట్లాడకపోయేది అందుకేనా అని ఇంకొకరన్నరు. బాపు రోడ్డు చూడకుండ నా మూతే చూసుకుంట నడుస్తున్నడు. మధ్యల అడిగిండు, మల్లేశం మాట ముందొచ్చిందా, నవ్వు ముందొచ్చిందా. మల్లేశం మాట. గట్టిగనా, మెల్లగనా. గట్టిగ. తర్వాత పెరుగుకుంట పోయిందా. లేదు, ఉస్తాద్ వాళ్ళ దిక్కు చూసేసరికి తగ్గుకుంట పోయింది, ఆఖరుకు ఎవరో చాయ్ కప్పులు తీసుకపోయే చప్పుడొక్కటే. ఆఖరుకు గీరినట్టు ఏమన్నా మిగిలిందా. లేదు బాపూ.

ఆయన నిలబడి కండ్లు మూసుకున్నడు. కండ్లు మూసుకుంటే ఆయనకు ఇగ లోకమే ఉండది. ఆయన తెరిచే దాక నేను ఎదురుగ నిలబడ్డ.

"గట్లయితే ఫికర్ లేదు" అన్నడు. "కొత్తగ ఇప్పి కూర్చినంక కొన్ని దినాలు కొట్టుకుంటది. నడిపిచ్చుడే."